ఎవరి కలియుగం?

మా జేజి రాత్రిపూట కథలు చెప్పేది కాదు, కాలజ్ఞానం చెప్పేది. మాది కడప జిల్లా. బ్రహ్మంగారి మఠానికి మా ఊరు మరీ దూరమేమీ కాదు. ఎండాకాలం మిద్దెమీద పడుకుని చుక్కలు చూస్తుంటే జేజి ఒక్కొక్కటే చెప్పుకొచ్చేది. నీళ్ళు కొనుక్కొని తాగుతారని, కొడుకులు తల్లిదండ్రులకి కూడు పెట్టరని, వానలు వేళ తప్పుతాయని. స్వామి చెప్పినవాటికి జేజి తనవి కూడా చాలానే కలిపేది. ఆ వరసలో ఒకటి తప్పకుండా వచ్చేది: “ఆడోళ్ళు మొగుని మాట ఇనరంట.”

“అప్పుడేమయితాది జేజీ?”

“ఇంకేమయితాది మే, లోకం మునిగిపోతాది.”

నాకప్పుడు ఏడేళ్ళు. మర్నాడు మా అమ్మ ఏదో విషయానికి మా నాన్నకి ఎదురు చెప్తుంటే, గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూశాను, నీళ్ళు వస్తున్నాయేమోనని.

ఎమ్మే ఇంగ్లీషులో ఆర్వెల్, హక్స్‌లీలని చదివినప్పుడు డిస్టోపియా అన్న మాట మొదటిసారి విన్నాను. రాబోయే కాలంలో సమాజం ఎంత చెడ్డగా ఉండబోతుందో చూపించే సాహిత్యం అని రాసుకున్నాను, పరీక్షకి సరిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, వేరే పనిమీద భాగవతం ద్వాదశ స్కంధం, భారతంలో మార్కండేయుడు చెప్పిన కలియుగ లక్షణాలు చదువుతుంటే జేజి గొంతు వినపడింది. అనావృష్టి, అధిక పన్నులు, దొంగల రాజ్యం, వాటి పక్కనే, అదే వరసలో, భర్తకి లొంగని భార్యలు, ధర్మం బోధించే శూద్రులు. అంటే కరువూ, నేను చదువుకోవడమూ ఒకే జాబితాలో ఉన్నాయన్నమాట! జేజి భయపెట్టిన ఆ భవిష్యత్తులోనే నేను ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్నాను. నాకది బాగానే ఉంది.

అప్పట్నించి ఏ డిస్టోపియా నవల చేతికొచ్చినా ముందు ఒకటే చూస్తాను. ఇది ఎవరి పీడకల? ఎవరికి ఏం పోతుందని భయం?

మాట పుట్టుకలో ఈ ప్రశ్న లేదు. 1516లో థామస్ మోర్ ‘యుటోపియా’ అని పేరు పెట్టినప్పుడు అందులో గ్రీకు శ్లేష ఉంది, ఎక్కడా లేని చోటు, మంచి చోటు. దానికి ఎదురుగా నిలబడ్డ చెడ్డ చోటు డిస్టోపియా. 1868లో జాన్ స్టువర్ట్ మిల్ బ్రిటిష్ పార్లమెంటులో ఐర్లండ్ భూముల గురించి మాట్లాడుతూ ప్రభుత్వాన్ని ఈ మాటతో దెప్పిపొడిచాడు. సాహిత్యంలో ఒక ప్రక్రియకి పేరుగా స్థిరపడింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. మన పత్రికల్లో దీన్ని సైన్స్ ఫిక్షన్ అనీ, ప్రళయ గాథ అనీ, వ్యంగ్యం అనీ ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుస్తుంటారు. పేరుదేముంది అని నేనూ అనుకునేదాన్ని.

వ్యంగ్యం సంగతే తీసుకుందాం. 1890లలో కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో ఆడుమళయాళం అనే దేశాన్ని సృష్టించాడు. అక్కడ అధికారమంతా ఆడవాళ్ళది. మగవాళ్ళు ఇంట్లో అణిగిమణిగి పత్నీవ్రత్యం పాటించాలి. అంతకు కొద్దికాలం ముందే, 1882లో, ఇంగ్లండులో వాల్టర్ బెసంట్ ‘ది రివోల్ట్ ఆఫ్ మేన్’ రాశాడు (మన అనీబిసెంట్‌కి బావగారి వరస). అందులోనూ స్త్రీలే పాలకులు, చివరికి మగవాళ్ళు తిరగబడి ‘సహజమైన’ ఏర్పాటును తిరిగి తెచ్చుకుంటారు. రెండింటిలోనూ చేసిన పని ఒక్కటే, తలకిందులు చెయ్యడం. కానీ పంతులుగారు మగ పాఠకుణ్ణి నవ్వించి, ఆ నవ్వు మధ్యలో తన ఇంటిని గుర్తుచేస్తాడు. బెసంట్ ఆడవాళ్ళకి హక్కులిస్తే ఇదీ గతి అని బెదిరిస్తాడు. మొదటిది వ్యంగ్యం. రెండోదాన్ని యుటోపియా వ్యతిరేక రచన అనాలి. మంచి సమాజం కావాలనుకోవడమే ప్రమాదం అని చెప్పే రచన అది. డిస్టోపియా అలా అనదు. ఇప్పుడున్నది ఇలాగే సాగితే ఎక్కడికి చేరుతుందో చూడండి అంటుంది. కలని అది తప్పు పట్టదు. ఈ తేడా చెరిపేసి అన్నిటినీ ఒకే గాటన కట్టడంవల్ల ఎవరికి లాభమో ఆలోచించాలి. పొగరుబోతు కథానాయిక మెడలు వంచే మన సినిమాలన్నీ బెసంట్ వంశానివే.

ఇక 1905లో రొకియా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’. మద్రాసు నుంచి కమలా సత్తియనాథన్ సంపాదకత్వంలో వచ్చిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. మగవాళ్ళు మర్దానాలో, ఆడవాళ్ళు సూర్యరశ్మితో వంట చేసుకుంటూ రాజ్యపాలనలో. ఇది యుటోపియా. మర్దానాలో ఉన్నవాళ్ళని అడిగితే వేరే మాట చెప్తారనుకోండి.

సైన్స్ ఫిక్షన్‌తో గొడవ ఇప్పటిదాకా తెగలేదు. మార్గరెట్ ఆట్‌వుడ్ తన నవలల్ని సైన్స్ ఫిక్షన్ అనవద్దంటుంది. ఇప్పటికే చేతిలో ఉన్న సాధనాలతో జరగగలిగేవే తను రాస్తానంటుంది. 2009లో ఉర్సులా లెగ్విన్ దీనిమీద గట్టిగానే చురక వేసింది, ‘గౌరవనీయ’ సాహిత్యం గూట్లోంచి బయటికి రావడం ఇష్టంలేక ఇలా అంటోందని. నాకు లెగ్విన్ కోపం న్యాయంగానే తోస్తుంది. కానీ ఆట్‌వుడ్ చెప్పిన ఒక నియమాన్ని మాత్రం వదలలేను. ‘ది హాండ్‌మెయిడ్స్ టేల్’లో (1985) మనుషులు చరిత్రలో ఎక్కడో ఒకచోట అంతకుముందే చెయ్యనిది ఏదీ పెట్టకూడదనుకుందామె. 1966లో రుమేనియా గర్భస్రావాన్ని నిషేధించి, ఆ తర్వాత పనిచేసేచోటే ఆడవాళ్ళని పరీక్షించడం మొదలుపెట్టింది. అర్జెంటీనా సైనిక ప్రభుత్వం మాయం చేసిన స్త్రీల పిల్లల్ని సైనికాధికారుల ఇళ్ళు పెంచుకున్నాయి. ఇవన్నీ కలిపి కుట్టిందే ఆమె గిలియడ్.

నేనూ, కొందరు స్నేహితురాళ్ళూ నెలకోసారి మా ఇంట్లో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసిన తర్వాత, టీవీలో ఆ ఎర్ర అంగీలు, తెల్ల టోపీల నిరసనలు చూసి ఈ నవల పెట్టుకున్నాం. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసే స్నేహితురాలు అంతా విని, “ఇందులో కల్పన ఏముందండీ?” అంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరం గుర్తుచేసింది. కొద్ది గంటల్లో 83 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేసి పంపిస్తే పదిమందికి పైగా చనిపోయారు. “ఆ ఆడవాళ్ళకి ఈ నవల చదివి వినిపిస్తే, పాపం ఆమెకి మంచి గది ఇచ్చారే అంటారు.” అందరం నవ్వాం. తర్వాత ఎవరం మాట్లాడలేదు.

ఆమె మాట చిన్నది కాదు. ఆఫ్రెడ్‌కి గుర్తుచేసుకోవడానికి ఒక ‘ముందు’ ఉంది. ఉద్యోగం, సొంత పేరు, బాంకు ఖాతా. ఒక్కరోజులో ఖాతాలు మూసేసి ఆ డబ్బు మగవాళ్ళ చేతికిస్తారు. పాశ్చాత్య డిస్టోపియా చాలావరకు ఇలా పోగొట్టుకున్నవాళ్ళ కథ. అసలు ఎప్పుడూ ఖాతా లేనివాళ్ళకి, ఫలానావాడి పెళ్ళాంగా తప్ప ఊళ్ళో పేరే లేనివాళ్ళకి, జోగినిగా వదిలేసిన దళిత బాలికకి ఆ ‘ముందు’ ఏది? నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన ‘పేరబుల్ ఆఫ్ ది సోవర్’ 2024 జులైలో మొదలవుతుంది. ఆ జులై వచ్చింది, పోయింది కూడా. అందులో ఎవరూ పాత మంచిరోజుల్లోకి నడవరు. రోడ్డుమీద దొరికినవాళ్ళని కలుపుకొని ముందుకే నడుస్తారు. నాకు అందుకే బట్లర్ ఎక్కువ దగ్గర.

ఆ రోజు నవలలో నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న చోటు. ఖాతా పోయిన రాత్రి భర్త ఆమెని ఓదారుస్తాడు, నిన్ను నేను చూసుకుంటానంటాడు. అతనికి ఇది అంత బాధగా లేదేమో అని ఆమెకి అనుమానం వస్తుంది. అక్కడ చదవడం ఆపేశాను.

1998లో నేను రెండోసారి గర్భవతిని. మొదట అమ్మాయి. మా అత్తగారు చాలా మంచిది. నన్ను ఒక్కమాట అనలేదు. పట్నంలో ఒక స్కానింగ్ సెంటరుకి తీసుకెళ్ళింది. ఆడో మగో చెప్పడం నేరమని గోడమీద బోర్డు ఉంది. 1994 చట్టం అప్పటికి అమల్లోకి వచ్చి రెండేళ్ళు దాటింది. నేల శుభ్రంగా తుడిచి ఉంది. టోకెన్ ఇచ్చారు. వరస తప్పకుండా పిలిచారు. యంత్రం దగ్గరున్నాయన నావైపు చూడకుండా మా అత్తగారితో, “మళ్ళీ అదేనమ్మా,” అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన ఏమీ అనలేదు. “నీ ఇష్టం,” అన్నాడు. తలుపు దగ్గర కాపలా ఎవరూ లేరు. నన్నెవరూ కొట్టలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంకొక ఆసుపత్రిలో కాగితం మీద సంతకం పెట్టాను. అప్పటికి నేను స్త్రీవాదం మీద వ్యాసాలు రాస్తున్నాను.

ప్రళయ గాథల్లో వ్యవస్థ కూలిపోతుంది. మిగిలినవాళ్ళు శిథిలాల్లో తిండి వెతుక్కుంటారు. డిస్టోపియాలో ఏదీ కూలదు. అంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రశీదు కూడా ఇస్తారు. 2001 జనగణనలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకి 927 మందే ఆడపిల్లలున్నారని చదివాను. పదేళ్ళ కింద 945. ఆ తగ్గినవాళ్ళలో ఒకర్ని నేనెరుగుదును. 2008లో మంజులా పద్మనాభన్ ‘ఎస్కేప్’ నవల రాసింది, ఆడవాళ్ళందర్నీ తుడిచిపెట్టేసిన దేశంలో రహస్యంగా పెరుగుతున్న ఒకే ఒక్క ఆడపిల్ల కథ. దాన్ని నేను రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక పుట్టింటికి వెళితే, మా జేజి నా తల నిమిరి, “అంతా ముందే రాసిపెట్టిండాది మే, నీదేముంది,” అంది. ఆమె ప్రేమగానే అంది. నేనా మాటని పట్టుకుని చాలా ఏళ్ళు బతికాను. కాలజ్ఞానానికీ డిస్టోపియాకీ తేడా ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు జేజి చెయ్యే గుర్తొస్తుంది. కాలజ్ఞానంలో జరిగేదానికి ఎవరూ బాధ్యులు కారు, కాలం తిరగడమే కారణం. డిస్టోపియాలో ప్రతిదాని వెనకా ఒక మనిషి ఉంటాడు. ఉత్తర్వు రాసినవాడు, టోకెన్ ఇచ్చినవాడు, నీ ఇష్టం అన్నవాడు. సంతకం పెట్టింది కూడా ఉంటుంది. పేరు పట్టింపు నాకు ఇందుకే వచ్చింది.

ఆట్‌వుడ్ నవల చివర ఒక అనుబంధం ఉంది. 2195లో ఒక సదస్సులో ప్రొఫెసరుగారు ఆఫ్రెడ్ కథని పరిశోధనా పత్రంగా చదువుతూ జోకులు వేస్తాడు. సభ నవ్వుతుంది. ఆమె పేరేమిటో తేల్చలేకపోతారు, ఆమె యజమాని ఎవరన్నదాని మీదే ఆయన ఆసక్తంతా. క్లాసులో ఎన్నోసార్లు నేనూ ఆయనలాగే ఈ నవల నిర్వచనం చెప్పి, లక్షణాలు రాయించి పంపించాను.

ఆ సమావేశంలో కాదుగానీ, అందరూ వెళ్ళిపోయాక కప్పులు కడుగుతున్నప్పుడు మా అమ్మాయికి చెప్పాను. ఇప్పుడు తనకి ముప్ఫై దాటాయి. చాలాసేపు కుళాయి అలాగే తిప్పి ఉంచింది. తర్వాత అడిగింది, “ఆ రోజు నేనెక్కడున్నానమ్మా?”

“జేజి దగ్గర వదిలిపెట్టాను,” అన్నాను. “కాలజ్ఞానం వింటూ ఉన్నావు.”