గట్టు వెంట గోదావరి

భద్రాచలం వాళ్లకు వరదంటే మూడు అంకెలు: 43, 48, 53. నీటిమట్టం అన్నేసి అడుగులకు చేరగానే ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు పోయింది. ఆ దెబ్బ తిన్నాకే ఊరికి కరకట్ట వచ్చింది. 2022 జులైలో 71 అడుగులు దాటిన నీళ్లు ఊరి నడిబొడ్డు మీద పడలేదంటే దాని పుణ్యమే. అయితే కట్ట ఉన్న ఊరికి ఇంకో తంటా ఉంటుంది. నది పెరిగితే స్లూయిస్ తలుపులు దించాలి. దించితే ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు, మోటార్లతో తోడాలి. తలుపు సరిగ్గా బిగుసుకోకపోతే ఆ సందులోంచే గోదావరి వెనక్కి ఎక్కుతుంది.

భద్రాచలం దిగువన పాపికొండల మధ్యన నదికి గట్లు కొండలే. ఎవరూ కట్టనక్కర్లేదు, కాయనక్కర్లేదు. కొండలు విడిపోయి లోయ వెడల్పయ్యే పోలవరం దగ్గర మళ్లీ మనిషి చేతి కట్టలు మొదలవుతాయి. అక్కడి ప్రాజెక్టు స్పిల్‌వే వైపు వచ్చే నీటికి సుడులు లేకుండా దారి చూపాలని ఎగువన ఒక గైడ్‌బండ్ కట్టారు. 2023 జూన్‌లో అది కుంగింది. కేంద్రం నిపుణుల కమిటీని పంపాల్సి వచ్చింది.

కట్ట కుంగిందంటే ముందు చూడాల్సింది దాని కింద ఏ మట్టి ఉందన్నది. బోరు వేసి, అడుగున ఒక గొట్టం ఆనించి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. ఆ తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. మూడు నాలుగు దెబ్బలకే దిగిపోతే మెత్తటి బంకమట్టో, వదులు ఇసుకో ఉన్నట్టు. యాభైకి కూడా దిగనని మొరాయిస్తే గట్టి నేల. పక్కనే పీజోమీటరు గొట్టాలు దింపి, కట్ట లోపల నీరు ఏ మట్టానికి నిలిచిందో చూస్తారు. కట్టలను కూల్చే అసలు దొంగ తరచూ ఆ కనబడని నీరే.

రాజమహేంద్రవరం దాటి ధవళేశ్వరం చేరితే కాటన్ దొర ఆనకట్ట. 1852లో పూర్తయిన దాని స్థానంలో ఇప్పుడు బరాజ్ ఉంది. దాని దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలన్నిటికీ రెండు పక్కలా ఏటిగట్లే. 1986లో బరాజ్ మీదుగా 35 లక్షల క్యూసెక్కుల పైన నీరు పోయింది. 2006లో వచ్చింది సుమారు 28.5 లక్షలు. అంతకంటే తక్కువైన ఆ వరదకే కోనసీమలో శానపల్లిలంక దగ్గర, మొండెపులంక దగ్గర గట్లు తెగి ఊళ్లు మునిగాయి. గట్టు మీదుగా నీరు పొర్లితేనే ప్రమాదమనుకునే వాళ్లకు ఈ రెండు అంకెలు చాలు.

గట్టు లోపలి నుంచి తెగడం ఇలా మొదలవుతుంది. వరద నిండుగా ఉన్నప్పుడు ఊరి వైపు గట్టు మొదట్లో ఒక ఊట లేస్తుంది. తేటనీరు వస్తే కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. బురదనీరు వచ్చినా, ఊట చుట్టూ ఇసుక చిన్న కుప్పగా చేరుతున్నా, లోపల మట్టి కొట్టుకొస్తోందని అర్థం. పందికొక్కు బొరియ దానికి ముందే దారి తవ్వి పెట్టి ఉండొచ్చు. ఆ కన్నాన్ని బస్తాతో మూసేయాలనిపిస్తుంది. మూస్తే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. తెలిసినవాళ్లు ఊట చుట్టూ బస్తాలతో బావి ఒరలాగా వలయం పేరుస్తారు. అందులో నీరు పైకి నిలిచి ఎదురు ఒత్తిడి పెడుతుంది, మట్టి రావడం ఆగి తేటనీరు మిగులుతుంది.

రెండో ప్రమాదం వరద తీశాక. బయట నది గబగబా దిగిపోతుంది కానీ గట్టు తాగిన నీరు అంత తొందరగా దిగదు. ఆ తడి బరువుతో నది వైపు వాలు జారుతుంది. దీని గుర్తు గట్టు నెత్తిన కనిపిస్తుంది. ఎండకు వచ్చిన నెర్రెలైతే వల అల్లినట్టు అన్ని వైపులా ఉంటాయి. జారుడు బీట అయితే గట్టు పొడవునా ఒకటే సాగి, నది వైపు అంచు రెండు మూడు అంగుళాలు దిగి ఉంటుంది. అలాంటి బీటలోకి వాన దిగకుండా ముందు టార్పాలిన్ కప్పాలి. తర్వాత నెత్తిన బరువు తగ్గించి, మొదట్లో రాతి బరువు పెంచి, ఆ రాయి వెనక ఇసుక, కంకర పొరలు వేయాలి. నీరు బయటికి రావాలి, మట్టి లోపలే ఉండాలి. నెత్తిన ఇంకా మట్టి పోయడం జారేదానిని తోయడమే.

కిందికి వెళ్లేకొద్దీ నది కోత బలంగా కనిపిస్తుంది. లంకల్లో కొబ్బరి తోటలు అంచు విరిగి ఏట్లో పడుతుంటాయి. గట్టు మొదట్లోని ఇసుకను తవ్వేస్తే ప్రవాహం గట్టుకు ఇంకా దగ్గరవుతుంది. ఆ తవ్వకానికి ప్రవాహాన్ని గట్టు నుంచి పక్కకు తోసే అడ్డుకట్టలు, అంటే గ్రోయిన్లు, ఎన్ని కట్టినా సరిపోవు. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలిసేదాకా ఇదే కథ.

మన దగ్గర గట్టు ఎత్తు పెంచడానికి నిధులు దొరికినంత తేలిగ్గా గట్టు మీద నడిచి చూసే లస్కరు దొరకడు. ఏటిగట్టు పక్కన ఇల్లున్నవారు ఈ వానాకాలం రెండు పనులు చేయండి. వరదలో ఊట నీటి రంగు చూడండి. వరద తీశాక గట్టు నెత్తిన బీట కోసం చూడండి. ఏది కనిపించినా అదే రోజు జలవనరుల శాఖ సిబ్బందికి చెప్పండి.