రెండు కళ్లూ చాలవు... లెన్సులుంటే జాగ్రత్త!

పాతబస్తీని చూడటానికి రెండు కళ్లూ చాలవంటారు. చార్మినార్, లాడ్ బజార్, మక్కా మసీదు, చౌమహల్లా... దేని అందం దానిదే. మరి ఆ రెండు కళ్లలోనూ కాంటాక్ట్ లెన్సులుంటే?

ఏటా మే నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో బళ్లకు సెలవులు మొదలు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో హైదరాబాద్‌లో దిగుతాయి. అమ్మానాన్నలకిది సొంతూరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన పిల్లలకు మాత్రం వేసవి సెలవుల విదేశీయాత్రే! కళ్లజోడు పక్కన పెట్టి లెన్సులకు అలవాటుపడ్డ టీనేజీ పిల్లలు వాళ్లలో ఉండనే ఉంటారు. వాళ్లని పాతబస్తీ తిప్పుదామనగానే ఇంట్లో పెద్దలు భయపడేది దుమ్ముకి. అసలు భయపడాల్సింది మాత్రం... నీళ్లకి!

గాల్లోనే మొదలు

జాగ్రత్తలు విమానంలోనే మొదలవ్వాలి. క్యాబిన్‌లో గాలి బాగా పొడిగా ఉంటుంది. లెన్సు ఆరిపోయి కన్ను మంటపెడుతుంది. లెన్సులతోనే కునుకు తీస్తే ఇంకా చేటు. అలా నిద్రపోయేవారికి కంటి ఇన్ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువంటారు అమెరికా ఆరోగ్య నిపుణులు. అందుకే విమానంలో కళ్లజోడే మేలు.

చేతి సంచీలో 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాల సీసాని చాలా విమానాశ్రయాల్లో అనుమతించరు. అలాగని పెద్ద సీసాలోని లెన్స్ సొల్యూషన్‌ని వేరే బుడ్డీలోకి ఒంపుకోకూడదు. శుద్ధి చేసిన మందు కాస్తా అశుద్ధమైపోతుంది. సీలు వేసిన చిన్న ప్యాక్ కొనుక్కోవడమే పద్ధతి. రోజుకో జత వాడి పారేసే లెన్సులైతే ప్రయాణాల్లో ఈ తంటాలే ఉండవు.

దుమ్ము చెప్పి వస్తుంది!

పాతబస్తీ యాత్రని మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంతో మొదలుపెట్టడం సుఖం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన 'వెయిల్డ్ రెబెకా' ఇక్కడే ఉంది. పాలరాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. ఆ పలుచటి మేలిముసుగుని తనివితీరా చూడాలంటే చూపు స్పష్టంగా ఉండాల్సిందే మరి. శుక్రవారం మ్యూజియానికి సెలవన్నది గుర్తుంచుకోవాలి.

అక్కణ్నుంచి మదీనా, పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ మీదుగా నడిస్తే ఎదురుగా చార్మినార్! కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన కట్టడం. పక్కనే లాడ్ బజార్. నిప్పుల సెగ మీద లక్కని కరిగించి, గాజుగా చుట్టి, మెరిసే రాళ్లని ఒక్కొక్కటే అద్దే పనితనం ఇక్కడిది. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పొగ, వేడిగాలి, దుమ్ము... కంట్లో నలుసు పడటానికి ఎంతసేపు? పడగానే కన్ను గరగరలాడుతుంది, నీరు కారుతుంది. అంటే, దుమ్ము చెప్పి వస్తుంది. లెన్సు తీసెయ్యాలని మనకి తెలిసిపోతుంది.

అత్తరు దుకాణాల్లో సుర్మా సీసాలూ ఊరిస్తాయి. సంప్రదాయ సుర్మాలో సీసపు ఖనిజం ఉండటం మామూలే. పైగా ఆ పొడి లెన్సు కిందికి చేరితే కన్ను గీసుకుపోతుంది. జ్ఞాపకంగా సుర్మాదాని కొనుక్కోవచ్చు గానీ సుర్మా పెట్టుకోవద్దు.

నీళ్లు చెప్పకుండా వస్తాయి!

కంట్లో నలుసు పడిందనగానే ఏ అమ్మమ్మయినా ఏమంటుంది? 'నీళ్లు కొట్టుకో బిడ్డా!' అంటుంది. మామూలు కంటికి అది మంచి మాటే. లెన్సు ఉన్న కంటికి మాత్రం కాదు.

ఎందుకంటే మెత్తటి లెన్సు నీటిని పీల్చుకునే ప్లాస్టిక్. చెక్ శాస్త్రవేత్త ఒట్టో విఖ్‌టెర్లె 1961లో ఇలాంటి లెన్సులు తయారుచేశాక అవి ప్రపంచమంతా పాకాయి. వాటి సుఖమంతా ఆ మెత్తదనంలోనే ఉంది. ముప్పూ అక్కడే ఉంది. కుళాయి, ట్యాంకు, ఈతకొలను... ఏ నీళ్లలోనైనా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. గట్టి పెంకులో ముడుచుకున్నప్పుడు దాన్ని క్లోరిన్ కూడా ఏమీ చేయలేదు. లెన్సుకి అంటుకుని కార్నియా మీదికి చేరిందంటే పుండు చేస్తుంది. నెలల తరబడి వైద్యం. ఒక్కోసారి చూపే పోవచ్చు. పడమటి దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా లెన్సులు వాడేవారికే వస్తుంది. మన దేశంలో లెన్సు ముఖం చూడనివారికీ కంటి దెబ్బల వల్ల, మురికినీటి వల్ల వస్తోంది.

మినరల్ వాటర్ అయితే? అదీ వద్దు! తాగడానికి మంచినీళ్లే, లెన్సుకి కాదు. కాబట్టి మక్కా మసీదు ఆవరణలోని కొలను దగ్గరైనా, హోటల్ వాష్‌బేసిన్ దగ్గరైనా లెన్సులతో ముఖం కడగొద్దు. స్నానానికి ముందే తీసెయ్యాలి. నలుసు పడితే చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, లెన్సు తీసి కళ్లజోడు పెట్టుకోవాలి. ఆ తర్వాత కంటికి చల్లగా నీళ్లు కొట్టుకోవచ్చు.

బిర్యానీ తిన్న చేత్తో...

పాతబస్తీకి వెళ్లి బిర్యానీ, మిర్చీ కా సాలన్ తినకుండా వస్తారా! ఒక్కసారి కడిగినంత మాత్రాన వేళ్ల నుంచి కారం పోదు. ఆ వేలితో లెన్సు ముట్టుకుంటే చార్మినార్‌తోపాటు చుక్కలూ కనిపిస్తాయి! భోజనానికి ముందే లెన్సులు తీసెయ్యడం తెలివైన పని. అత్తరు రాసుకున్న చేతులకీ ఇదే నియమం.

ఇల్లు చేరాక డబ్బాలో పాత సొల్యూషన్ పారబోసి కొత్తది పొయ్యాలి. పాతదానిమీదే కాస్త పోసి సరిపెట్టొద్దు. మూడు నెలలకోసారి డబ్బానే మార్చెయ్యాలి.

కన్ను ఎర్రబడినా, నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా లెన్సు వెంటనే తీసెయ్యాలి. పారెయ్యకుండా డాక్టర్‌కి చూపిస్తే పరీక్షకి పనికొస్తుంది. మందుల దుకాణంలో అడిగి చుక్కలు వేసుకోవడం మహా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు ముదిరిపోతుంది. పాతబస్తీ నుంచి మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి దూరమేమీ కాదు. 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ బంజారాహిల్స్‌లో ఉంది. తిరుగు ప్రయాణం దాకా ఆగుదామనుకోవద్దు. పుండు ఎంత త్వరగా దొరికితే చూపు అంత దక్కుతుంది.

ఇంతకీ సంచీలో తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్కటే... కళ్లజోడు! ఒక పూట అద్దాల్లోంచి చూసినంత మాత్రాన చార్మినార్ చిన్నదైపోదు.