పాల చెలమ

నా ప్రథమ శిశువు నెలలు నిండకయే జన్మించి, పాలు కుడుచు శక్తి లేక వైద్యశాలలో అద్దాలపెట్టె యందుండెను. "తల్లికి పాలు పడలేదు, ఇక పోతపాలే గతి" యని పెద్దలు నిర్ణయించిరి. పంపుతో పిండగా సీసా యడుగైనను నిండని చుక్కలను జూచి నాకును దిగులు కలిగెను.

అప్పుడొక నర్సు చెప్పిన మాటను మీకును దెలుపవలెనని యీ వ్రాత. ఇసుకలోని చెలమ తోడినకొలది ఊరును, చనుబాలును అట్టివే. పాలు నిలిచియున్నచో శరీరము వాని ఉత్పత్తిని తగ్గించును, తీసినకొలది హెచ్చించును. కావున రేయింబవళ్లు కలిపి 8 పర్యాయములు, పర్యాయమునకు 15 నిమిషములు పిండితిని. పాలను వృద్ధిచేయు ప్రొలాక్టిన్ రాత్రివేళ హెచ్చుగా నుండును గనుక రాత్రి పర్యాయమును విడువనైతిని. దినమున కొక గంట మాత్రము 20 నిమిషములు పిండి, 10 విశ్రమించి, మరల 10 పిండి, 10 విశ్రమించి, 10 పిండుచుంటిని. బిడ్డ పొత్తిగుడ్డను చెంత నుంచుకొన్నచో పాలు త్వరగా చేపెడివి. పంపు నొప్పి పుట్టించరాదు. దాని భాగములను ప్రతిసారియు శుభ్రముగా కడుగవలెను.

రెండు వారములకు నా బిడ్డకు చాలినన్ని పాలు లభించెను. ఎంత శ్రమించినను కొందరికి పాలు చాలవు. అది వారి దోషము గాదు, వైద్యుల సలహా గొనవలెను. కాని పెద్దలారా, "పాలు లేవు" అనుటకు ముందు బాలింతకు కడుపునిండ అన్నమును, కంటినిండ నిద్రయు, ఇంటిపనినుండి విశ్రాంతియు నిచ్చి చూడుడు.