సూరత్‌లో ఒక బరువు దిగిన వేళ

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, వార్ధా, భుసావల్, నందుర్‌బార్ దాటి, తాపీ నదీలోయ వెంబడి పడమటికి సాగితే సూరత్ వస్తుంది. ఆ పేరు వినగానే చదువుకున్నవారికి చరిత్ర పాఠం జ్ఞాపకం వస్తుంది. 1608లో హాకిన్స్ దొర 'హెక్టర్' నౌకలో వచ్చి దిగినది ఇక్కడే. 1613లో ఆంగ్లేయుల వర్తకశాల స్థిరపడినది ఇక్కడే. అంతకు రెండేళ్లు ముందే, అనగా 1611లో, వారు మన మచిలీపట్నంలో వర్తకశాల తెరిచారన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోతారు. తూర్పు తీరపు అద్దకం బట్టలూ, పడమటి తీరపు వస్త్రాలూ ఆనాడే ఒకే కంపెనీ లెక్కల పుస్తకాలలోకి ఎక్కాయి. సూరత్‌కూ తెలుగు మగ్గానికీ ఉన్న చుట్టరికం నేటిది కాదు.

ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనువాదాలతో కాలం గడుపుకొనే నాకు ఈ ఊరిలో చూడదగినది ఆంగ్లేయుల పాత శ్మశానమని ఎవరైనా అనుకోవచ్చు. చూశాను కూడా. 1669లో మరణించిన జార్జ్ ఆక్సెండెన్ సమాధి ఒక చిన్న కోటలా ఉంటుంది. డచ్చివారి శ్మశానంలో, మలబారు మొక్కల మీద మహాగ్రంథం వెలువరించిన వాన్ రీడ్ సమాధి కూడా అంతే బరువైన గుమ్మటం. పరాయి దేశంలో తమ ఉనికిని చాటడానికి వారికి అంత రాయి, అంత సున్నం అవసరమైనాయి కాబోలు.

కాని నేను వెళ్లినది సమాధుల కోసం కాదు. లింబాయత్‌లో ఉన్న మా మేనమామ ఇంటికి, బతుకమ్మ పండుగకు వెళ్లాను. వెళ్లిన మరునాడే ఒక తగవు తీర్చవలసి వచ్చింది.

సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల వీధులలో నడిచేవారికి గుజరాతీ, మరాఠీ, ఒడియా, హిందీ మాటల నడుమ నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ జిల్లాల యాస చెవిన పడుతుంది. చేతిమగ్గం కూడు పెట్టక, పద్మశాలి కుటుంబాలు భివండికీ, షోలాపూరుకూ, సూరత్‌కూ తరలిపోయిన కథ మనకు తెలిసినదే. సూరత్ మరమగ్గాలు కృత్రిమ దారంతో దేశమంతటికీ చీరలు నేస్తాయి. ఆ మగ్గాల వెనుక తెలుగువారి చేతులు అనేకం. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నదంటే ఇక్కడ మనవారు ఎందరో ఊహించుకోవచ్చు.

మామ 1976లో, పద్దెనిమిదో యేట ఇక్కడికి వచ్చాడు. ముప్పై ఏళ్లకు పైగా మరమగ్గాల మీద పనిచేశాడు. నాడె అటూ ఇటూ కొట్టుకొనే మగ్గాలు వరుసగా నడిచే షెడ్డులో పక్కవాడి మాట వినబడదు. పెదవుల కదలికను బట్టి, చేతిసైగను బట్టి తెలుసుకోవలసినదే. అట్టి రొదలో ఏళ్లు గడిపినవారి చెవి ఒక విచిత్రమైన రీతిలో చెడుతుందని వైద్యులు చెబుతారు. ముందుగా పోయేది సెకనుకు 4000 కంపనాల చుట్టుపట్ల ఉండే హెచ్చు స్థాయి ధ్వని. అందువల్ల అచ్చులు వినబడతాయి, స, శ, ఫ వంటి హల్లులు జారిపోతాయి. మాట వినబడుతుంది గాని అర్థం కాదు. మంద్రస్థాయి ధ్వనులు మాత్రం చాలాకాలం నిలిచి ఉంటాయి.

మామ వాయించేది బేస్ గిటారు. 1980లలో మగ్గం పనివారు కొందరు కలిసి పెట్టుకొన్న ఆర్కెస్ట్రాలో, ఒక మరాఠీ మిత్రుని వద్ద ఆయన దానిని నేర్చుకొన్నాడు. పెళ్లిళ్లలో, గణపతి పందిళ్లలో, బతుకమ్మ సంబరాలలో ఆ బృందం నేటికీ తెలుగు పాటలు వాయిస్తున్నది. గాయకుల స్వరం ఆయనకు సగమే వినబడుతుంది. తన బేస్ తీగ మాత్రం పూర్తిగా వినబడుతుంది. వినబడటం కన్న తెలుస్తుంది అనడం సరియైన మాట. వెనుక నిలబెట్టిన పెద్ద స్పీకరు పెట్టె మ్రోగినప్పుడు వేదిక పలకలు కదిలి, ఆ కదలిక అరికాళ్లలోకి, ఎముకలలోకి ఎక్కుతుంది. ఆయన తాళం పట్టేది దానితోనే.

తగవు ఆ పెట్టె గురించే. పద్దెనిమిది అంగుళాల స్పీకరు బిగించిన ఆ చెక్కపెట్టె 58 కిలోలు. దాని మీద పెట్టే పాత ఆంప్లిఫైయరు 24 కిలోలు. మామ ఇల్లు మూడో అంతస్తు. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు, కింది గదిలోని ఆ పెట్టెను నలుగురు కలిసి పైకి మోశారట. ఆనాటి నలుగురిలో ఇద్దరు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు, ఒకరు కాలం చేశారు. మిగిలినది మామ ఒక్కడే. ఆయన నడుము కూడా మునుపటిది కాదు.

మామ కొడుకు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్టులో లెక్కలు రాస్తాడు. అతడు తేల్చి చెప్పాడు. "నాయినా, ప్రతిసారి నలుగురు మనుషులు, ఒక టెంపో యాడికెల్లి తేవాలె? ఇప్పుడు చిన్నయి వచ్చినయి. కొనుక్కుందాం."

మామ నా వైపు తిరిగి అన్నాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా. అది పోతె నాకు పాటెట్ల తెలుస్తది?"

ఇది మొండితనం కాదు. ఒక మనిషికి సంగీతంతో మిగిలి ఉన్న ఒకే ఒక దారి. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను.

మంద్రస్వరానికి బరువెందుకు కావాలో పాఠకులకు కొంచెం వివరించాలి. బేస్ గిటారులోని అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాట. దానిని పుట్టించాలంటే ఎక్కువ గాలిని నెట్టాలి. కనుక పెద్ద స్పీకరు, పెద్ద పెట్టె. జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుని పేరుమీద ఇందుకొక సూత్రం ప్రచారంలో ఉన్నది. లోతైన మంద్రం, చిన్న పెట్టె, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. ధ్వని చెవికి రెట్టింపుగా తోచాలంటే విద్యుత్తు దాదాపు పదిరెట్లు కావాలి. 1969లో ఆంపెగ్ కంపెనీ పెద్ద పెద్ద మైదానాల కోసం చేసిన 300 వాట్ల గాజు వాల్వుల ఆంప్లిఫైయరు, పెట్టె కాకుండానే, 40 కిలోల దాకా తూగేది. మంద్రం అంటే మోత అనే అర్థం అట్లా స్థిరపడిపోయింది.

ఆ బరువును తగ్గించినవి ముఖ్యంగా మూడు మార్పులు. మొదటిది అయస్కాంతం. 1980ల తొలి సంవత్సరాలలో జపానులోనూ, అమెరికాలోనూ పరిశోధకులు నియోడిమియం అనే లోహంతో అయస్కాంతాలు చేశారు. అరచేతిలో ఇమిడే ముక్క, పాత ఫెర్రైటు అయస్కాంతపు పెద్ద బిళ్ల చేసే పని చేస్తుంది. రెండవది విద్యుత్తును మలిచే పద్ధతి. ఇంటికి వచ్చే విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. ఆ వేగానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరుకు ఇనుప దిమ్మె కావాలి. ఆ సంఖ్యను ముందుగా వేలల్లోకి పెంచితే అగ్గిపెట్టె వంటి ట్రాన్స్‌ఫార్మరు చాలు. మూడవది, ట్రాన్సిస్టర్లను సగం తెరిచి ఉంచక, సెకనుకు లక్షలసార్లు పూర్తిగా తెరిచి మూసే విధానం. దీనిలో శక్తి వేడిగా వృథా కావడం చాలా తక్కువ. వేడి తగ్గితే దానిని చల్లార్చే లోహపు రెక్కలూ తగ్గుతాయి.

కొడుకు పట్టుబట్టి తెచ్చిన కొత్త సామాను ఈ కోవలోదే. ఆంప్లిఫైయరు మూడు కిలోలు, నిఘంటువంత ఉంటుంది. పన్నెండు అంగుళాల స్పీకరున్న పెట్టె 14 కిలోలు. 82 కిలోలు 17 కిలోలైనాయి.

మొదటి రోజు సాధనలో దానిని కుర్చీ మీద పెట్టి మ్రోగించారు. మామ నాలుగు పాటలు వాయించి, గిటారు దించి పక్కన పెట్టాడు. "ఇండ్ల ప్రాణం లేదు," అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అత్తయ్య, పాత పెట్టెకు తాను కుట్టిన గుడ్డ తొడుగును మడత పెడుతూ, "పోనీ, దీన్నే ఉంచుదాం. మోసెటోల్లను యెవల్నన్న చూద్దాం," అంది. ఆ తొడుగు మామ తన మగ్గం మీద నేసిన బట్ట.

మరునాడు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రవాడు ఒక ప్రశ్న వేశాడు. "కాకా, ఈ పెట్టె యెవరికోసం? జనానికోసమా, నీకోసమా?"

ప్రశ్న చిన్నదే గాని తగవంతా అందులోనే ఉన్నది. పూర్వం బేస్ ధ్వని జనానికి చేరాలంటే ఈ పెట్టె నుండే చేరాలి. ఇప్పుడు ప్రతి వాద్యం నుంచీ తీగ లాగి సభాశాలలోని పెద్ద స్పీకర్లకు కలుపుతారు. వేదిక మీది పెట్టె వాయించేవాడికి తెలిస్తే చాలు. అట్లాగైతే దానిని కుర్చీ మీద ఎందుకు పెట్టాలి? నేల మీద, గోడ దగ్గర పెట్టితే మంద్రధ్వని బలపడుతుంది. కుర్రవాడు ఒక ప్లైవుడ్ పలక తెచ్చి, పెట్టెనూ మామనూ దాని మీదనే నిలబెట్టాడు. మామ చెప్పులు విడిచాడు. మొదటి స్వరం మీటి కళ్లు మూసుకొన్నాడు. చాలాసేపటికి, "మునుపటంత లేదు. అయితే ఉన్నది," అన్నాడు.

అనువాదకురాలిగా ఆ మాట నాకు బాగా తెలిసినది. మూలంలోని బరువంతా ఇటు తేలేము. ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోతే పాట పోతుందో తెలుసుకోవడమే మా వృత్తి. అయితే నేను కాగితాలతో చేసే పనిని ఆయన అరికాళ్లతో చేశాడు.

బతుకమ్మ మహాలయ అమావాస్యనాడు మొదలవుతుంది. మరునాటినుండి గుజరాతీల నవరాత్రి. ఆ తొమ్మిది రాత్రులూ సూరత్ గర్బా నృత్యాలతో ఊగిపోతుంది. మైదానాలలో మనిషెత్తు స్పీకర్లు వరుసలు కట్టి నిలుస్తాయి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లుల హద్దు పెట్టాయి. పండుగ రోజులలో ఆ అంకెలు కాగితాన్ని దాటి వచ్చేది అరుదు. ఆ మోతకు దూరంగా ఒక సందులో, పళ్లెంలో పేర్చిన బంతిపూలూ, ఎవరో ఊరినుండి రైలులో తెచ్చిన గునుగుపూలూ నడుమ పెట్టుకొని, మన ఆడవారు చప్పట్లతో వలయం తిరుగుతూ ఉంటారు. ఆ పాటకు ఏ పెట్టే అక్కరలేదు.

సద్దుల బతుకమ్మ నాడు తెలుగువారి సభాశాలలో మామ బృందం గంటన్నర వాయించింది. బేస్ ఎప్పటిలాగే ఉన్నదని జనం అన్నారు. నిజానికి జనానికి పెట్టె మారిన సంగతే తెలియదు. ఒకటి రెండు పాటలలో మామ తాళం తప్పబోయి, పక్కవాడి చేతి కదలిక చూసి సర్దుకొన్నాడు. ఆ సంగతి ఆయనకూ నాకూ తెలుసు.

కార్యక్రమం ముగిశాక ఆడవారు బతుకమ్మలను తలల మీదికి ఎత్తుకొని నీటిగట్టుకు బయలుదేరారు. ముప్పై ఏళ్లకు పైగా మామ ఆ ఊరేగింపును చూడలేదట. పెట్టెకు కాపలాగా, టెంపో వచ్చేదాకా ఖాళీ సభాశాలలో కూర్చోవలసి వచ్చేది. అత్తయ్య బతుకమ్మను ఒక్కసారి కూడా నీళ్లలో విడువగా చూడని మనిషి, ఆ రాత్రి ఆంప్లిఫైయరు సంచి భుజాన వేసుకొని, చక్రాల బండి మీద పెట్టెను లాక్కుంటూ ఆమె వెనుక నడిచాడు.

గట్టున ఆయన చెప్పులు విడిచి తడినేల మీద నిలబడ్డాడు. ఆడవారి పాట ఆయనకు ఎంత వినబడిందో నేను అడగలేదు. వలయం చుట్టూ వందల పాదాలు ఒక్కసారిగా పడుతున్నాయి. ఆయన బొటనవేలు మాత్రం నేలమీద సరిగ్గా తాళం వేస్తున్నది.