బండి బ్యాటరీ, ఇంటి బ్యాటరీ

జనవరి 6, 2024. తెనాలి

పొద్దున్నే మల్టీమీటరు పెట్టి చూశాను. బండి బ్యాటరీ 12.6 వోల్టులు. వెనక మంచం కింద ఉన్న ఇంటి బ్యాటరీ 12.1. సీసం బ్యాటరీకి 12.7 అంటే నిండు, 12.2 అంటే సగం, 11.8కి దిగిందంటే ఖాళీ అయినట్టే. రాత్రి ఒక ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు, రెండు లైట్లు కలిసి సగానికి పైగా లాగేశాయి.

ఈ పాత ట్రావెలర్ వ్యానుకి మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్జు పెట్టించినవాళ్లే ఈ ఏర్పాటూ చేయించారు. ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడే 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, బండి బ్యాటరీకీ దానికీ మధ్య ఒక రిలే. ఇంజిన్ నడిచి వోల్టేజి 13.3 దాటితే రిలే రెండింటినీ కలుపుతుంది. ఇంజిన్ ఆగి వోల్టేజి 12.8కి దిగితే విడదీస్తుంది. కలపడం గురించే అందరూ అడుగుతారు. నాకు మాత్రం విడదీయడమే ముఖ్యం. ఫ్రిజ్జు ఆగితే అమ్మ ఇన్సులిన్‌ని ఎవరింట్లోనైనా పెట్టమని అడగొచ్చు. సెల్ఫ్ తిరక్కపోతే ఉన్నచోటు నుంచి కదల్లేం.

జనవరి 8

మొన్న రాసింది అతిగా అనిపిస్తుందని మా ఆయన అన్నారు. నాకు అనిపించడం లేదు. నెల క్రితం, డిసెంబరు 5న, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. ఈ తీరంలో బండి పెట్టుకుని తిరిగేవాళ్లకి 'ఇప్పుడే బయల్దేరాలి' అనే మాట ఏ నవంబరులోనైనా వినిపించొచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రేపల్లె దాటి పెనుమూడి వంతెన ఎక్కితే అవతల దివిసీమే.

కాబట్టి బండిని కదిలించే కరెంటు వేరుగా ఉండాలి, బండిలో బతికే కరెంటు వేరుగా ఉండాలి. రెండోది ఎంత వాడినా మొదటిదాన్ని ముట్టుకోకూడదు. మిగతా మార్పులన్నీ ఈ లెక్క ప్రకారమే జరగాలి.

జనవరి 12

ట్యూబులర్ తీసేసి లిథియం పెడదామని తేల్చుకున్నాం. ఒక కారణం బరువు. రెండోది, ట్యూబులర్‌ని ఛార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. అలాంటిదాని మీద మంచం వేసుకుని తలుపులు బిగించి పడుకుంటున్నాం.

కొత్త బ్యాటరీకి పాత రిలే సరిపోతుందేమో అడుగుదామని ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టుకి వెళ్లాను. ట్రాక్టర్లు, కోత మిషన్ల వైరింగే ఆయన ప్రధాన వ్యాపారం.

"బాబాయ్, లిథియం పెడితే ఈ రిలే ఉంచొచ్చా?"

"ఉంచితే ఇంక అది విడిపోదమ్మాయ్."

"అదేంటి?"

"లిథియం ఊరికే కూర్చున్నా 13 పైనే ఉండుద్ది గదా. నువ్వు ఇంజిన్ ఆపినా రిలేకి ఆ సంగతి తెలవదు. ఇంకా నడస్తానే ఉందనుకుంటది. రెండూ కలిసే ఉంటయ్. తెల్లారేసరికి రెండూ దిగుతయ్."

అసలు సంగతంతా అందులోనే ఉంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కోటి 3.2 వోల్టులు, నాలుగు వరసగా కలిపితే 12.8. నిండాక ఏ పనీ చేయకుండా ఉన్నా 13.3 దరిదాపుల్లో నిలబడుతుంది. సగం ఖాళీ అయినా 13.1కి అటూ ఇటూగానే ఉంటుంది. 12.8 దగ్గర విడిపోమని సీసం బ్యాటరీ కోసం పెట్టిన హద్దు, లిథియం దాదాపు అడుగంటేదాకా రానే రాదు. ఛార్జింగ్ బాగుంది, లైట్లు బాగున్నాయి అని సంతోషపడుతూ ఉంటే, విడదీసే పని చప్పుడు లేకుండా పోతుంది.

డయోడు పెట్టి ఒకే వైపు పోనిచ్చే పాత పద్ధతి కూడా ఉంది. మామూలు డయోడు దగ్గరే 0.7 వోల్టు పోతుంది. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే బ్యాటరీకి అందేది 13.5. ఏ రకం బ్యాటరీ అయినా దాంతో త్వరగా నిండదు.

జనవరి 13

బాబాయ్ చెప్పిన ఇంకో మాట నిన్న రాయలేదు. లిథియం లోపల నిరోధం చాలా తక్కువ. రిలేతో నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాక్కుంటుంది. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడినప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, వేడి మాత్రం పూర్తిగా పుడుతుంది. చుట్టలు కాలిపోతాయి.

అందుకే మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్. రిలే పెట్టడం రెండు మడుల మధ్య గట్టు కోయడం లాంటిది, నీళ్లు తమంతట తాము సమం అయ్యేదాకా పారతాయి. డీసీ-డీసీ ఛార్జర్ మోటారు పెట్టి తోడిపోయడం. ఎంత తోడాలో మన చేతిలో ఉంటుంది, వెనక్కి పారదు. 30 ఆంపియర్లది తీసుకుంటున్నాం. బండి వైపు వోల్టేజి తగ్గినా పెరిగినా ఇంటి బ్యాటరీకి కావలసిన 14.2ని అదే తయారు చేసుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో కొన్నింటికి డీజిల్ ఆదా కోసం వోల్టేజిని తగ్గించే స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఉంటున్నాయి. వాటికి రిలే అసలు పనికిరాదు.

జనవరి 15. సంక్రాంతి

కొట్లన్నీ మూసి ఉన్నాయి. అరిసెల పళ్లెం పక్కన పెట్టుకుని లెక్క వేశాను.

ఫ్రిజ్జు 45 వాట్లు. మన ఎండల్లో రోజులో సగం సేపైనా కంప్రెసర్ తిరుగుతుంది, 540 వాట్-అవర్లు. 25 వాట్ల ఫ్యాను తొమ్మిది గంటలు తిరిగితే 225. లైట్లు, ఫోన్లు 100. మొత్తం 865. 100 ఆంపియర్-అవర్ల లిథియంలో ఉండేది 1280. ఒక రోజు గడిచి ఇంకో పూటకి మిగులుతుంది.

తిరిగి నింపడం దగ్గరే చిక్కు. విదేశీ పుస్తకాలన్నీ రోజుకి వందల కిలోమీటర్లు నడిపేవాళ్ల కోసం రాసినవి. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్లకి గంట పైచిలుకు. వేమూరు, భట్టిప్రోలు దాటుకుని రేపల్లెకి గంట. ఆ గంటలో 30 ఆంపియర్-అవర్లకు మించి ఎక్కవు, ఒక రోజు వాడకంలో సగం కూడా కాదు. డెల్టాలో ఊళ్లు ఇంత దగ్గరగా ఉండటం మన అదృష్టమే కానీ, ఇంజిన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే వరసగా మూడు రోజులు ఫ్రిజ్జు నడవదు. పైన 200 వాట్ల సోలార్ పలక తప్పదు. మంచి ఎండ రోజున 800 వాట్-అవర్ల దాకా ఇస్తుంది.

జనవరి 23

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి చదువుతుంటే ఒక ముచ్చట దొరికింది. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్ నుంచి వచ్చిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి: పాఢి, నంజుండస్వామి, గుడినఫ్. ముగ్గురిలో ఇద్దరివి మన వైపు పేర్లు. గుడినఫ్‌కి 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో, రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇనుము, ఫాస్ఫేటు, రెండూ దొరికే సరుకులే. ఫాస్ఫేటు ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి, కోబాల్ట్ రకాలతో పోలిస్తే ఇది వేడెక్కినా అంత తేలిగ్గా అంటుకోదు. తలకింద పెట్టుకుని పడుకునే వస్తువుకి ఇంతకన్నా ఏం కావాలి?

సీసం బ్యాటరీని తీసిపారేసినట్టు మాట్లాడటం కూడా నాకు నచ్చదు. గల్లా రామచంద్ర నాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా బ్యాటరీల కంపెనీ చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎంతమందికి పని చూపించిందో తెలిసిందే. ఒక్క క్షణం వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజిన్ తిప్పే పనిలో సీసమే చవక, సీసమే మొండిది. బండి బ్యాటరీ సీసమే ఉంటుంది, మార్చం.

ఫిబ్రవరి 4

వైరింగ్ రోజు. ముందుగా నెగటివ్ ఊడదీశాం.

ఛార్జర్ 30 ఆంపియర్లు ఇవ్వాలంటే బండి వైపు నుంచి 40 దాకా లాగుతుంది. బానెట్ నుంచి మంచం కిందికి పోను అయిదు మీటర్లు, రాను అయిదు మీటర్లు. పాత వైరు 6 చదరపు మిల్లీమీటర్లది. దాంట్లో ఒక వోల్టుకి పైగా దారిలోనే వేడిగా పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అర వోల్టు లోపే. నెగటివ్‌కి ఛాసిస్‌ని నమ్మకుండా వేరే వైరే లాగాం, తుప్పు పట్టిన బోల్టు మీద 40 ఆంపియర్లు నడపడం నాకిష్టం లేదు.

ఫ్యూజు దగ్గర కొంచెం వాదన జరిగింది. ఒకటి చాలన్నాడు బాబాయ్ కొట్లో కుర్రాడు. చాలదు. ఫ్యూజు కాపాడేది వైరుని. ఈ వైరుకి రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది. మధ్యలో ఛార్జర్ ఉన్నా, ఏ వైపు వైరు ఒరుసుకుని ఛాసిస్‌కి తగిలినా ఆ వైపు బ్యాటరీ నుంచి కరెంటు వచ్చి పడుతుంది. కాబట్టి రెండు కొసల్లోనూ, బ్యాటరీకి జానెడు దూరంలోనే, ఫ్యూజు ఉండాలి. లిథియం వైపు మామూలుది కాకుండా, వేల ఆంపియర్ల షార్టుని కూడా తెంపగలిగే టీ-క్లాస్ ఫ్యూజు. బాబాయ్ విని, కుర్రాడితో "అమ్మాయి చెప్పినట్టు చెయ్యరా" అన్నాడు.

ఛార్జర్‌కి ఇగ్నిషన్ వైరు ఇచ్చాం. తాళం తిప్పితేనే నిద్ర లేస్తుంది. దాని పక్కనే ఎర్ర పిడి ఉన్న ఐసోలేటర్ స్విచ్చి, ఇంటి బ్యాటరీ మొత్తాన్ని ఒక్క తిప్పుతో కోసేస్తుంది. అమ్మకి కూడా చూపించాను. "పొగ వస్తే ఇదేగా?" అంది. అవును, అదే.

అవసరమైతే ఇంటి బ్యాటరీతో బండి స్టార్ట్ చేసుకునేలా రెండూ కలిపే స్విచ్చి ఒకటి పెట్టమని మా ఆయన అడిగారు. పెట్టలేదు. సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది, లిథియంని కాపాడే 100 ఆంపియర్ల సర్క్యూటు, బీఎంఎస్, వెంటనే కోసేస్తుంది. దానికి బదులు సోలార్ నుంచి బండి బ్యాటరీకి రెండు ఆంపియర్ల సన్నటి ధార ఇచ్చాం. ఇల్లు బండికి ఇవ్వొచ్చు, బండి నిలబడి ఉండగా ఇంటికి ఏమీ ఇవ్వకూడదు.

ఫిబ్రవరి 18. బాపట్ల

సూర్యలంక. ఊరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. రాత్రంతా ఫ్రిజ్జు, ఫ్యాను. తెల్లారి బండి బ్యాటరీ 12.6, నిన్న సాయంత్రం ఎంతో ఇప్పుడూ అంతే. ఫ్రిజ్జు లోపల 5 డిగ్రీలు. ఇన్సులిన్‌కి 2 నుంచి 8 మధ్య ఉండాలి. అమ్మ నిశ్చింతగా నిద్రపోయింది, నేనూ పోయాను.

ఉప్పుగాలికి పాత లగ్గుల మీద పచ్చటి పూత అప్పుడే కనపడుతోంది. కొత్తవాటికి తగరం పూసిన రాగి వాడాం, మీద వాజలిన్ రాశాం. నిజాంపట్నం మరపడవల మీద బ్యాటరీ టెర్మినళ్లకి గ్రీజు పూయడం చూసిన గుర్తు.

మార్చి 29

మధ్యాహ్నం మంచం కింద 44 డిగ్రీలు. లిథియంకి 45 దాటాక ఛార్జింగ్ మంచిది కాదు. అట్టపెట్టెలన్నీ తీసేసి పక్క పలకకి కన్నాలు కోయించాను. బానెట్ కింద సీసం బ్యాటరీ సంగతి ఇంకా కష్టం. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. ఎండాకాలం సన్నధార వోల్టేజిని 13.8 నుంచి 13.4కి దించాను.

ఏప్రిల్ 14. రేపల్లె

పిన్ని కొడుకు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి మకాం. వనామీ సాగు. వాడు బండి వెనక పెట్టె అంతా చూసి, "అక్కా, ఇదంతా ఒక ఫ్రిజ్జు కోసమా?" అన్నాడు. కాదని చెప్పి, నీ జనరేటర్ చూపించమన్నాను.

షెడ్డులో జనరేటర్ స్టార్టింగ్ బ్యాటరీకే షెడ్డు లైటు, కెమెరా, కాపలా అతని ఫోన్ ఛార్జరు, అన్నీ తగిలించి ఉన్నాయి.

"మొన్న తెల్లారుజామున కరెంటు పోయింది. సెల్ఫ్ తిరగలా. ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీసి తెచ్చేసరికి ప్రాణం పోయినంత పనైంది."

రాత్రంతా నీళ్లలో నాచూ రొయ్యలూ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి కాబట్టి, తెల్లారేముందే అది అడుక్కి వస్తుంది. ఆ వేళకి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే గంటల్లో పంట పోతుంది. వాడి పెట్టుబడంతా ఆ ఒక్క సెల్ఫ్ మీద నిలబడి ఉంది, ఆ సెల్ఫ్ బ్యాటరీని ఒక బల్బు రాత్రంతా తింటోంది! నా బండిలో ఇన్ని రోజులు పట్టించుకున్న విషయం ఇక్కడ నాకన్నా వందరెట్లు అవసరం.

అక్కడికక్కడే లైటు, కెమెరా వైర్లు ఊడపీకించాను. స్టార్టింగ్ బ్యాటరీకి సెల్ఫ్ వైర్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కరెంటు ఉన్నంతసేపూ దాన్ని నిండుగా ఉంచడానికి మూడు ఆంపియర్ల ఫ్లోట్ ఛార్జరు ఒకటి. లైట్లకి వేరే చిన్న బ్యాటరీ, దానికి 50 వాట్ల సోలార్ పలక. రెండింటికీ మధ్య వైరు ముక్క కూడా వద్దు. వారానికోసారి పగలు కావాలని మెయిన్ తీసి జనరేటర్ వేసి చూడమన్నాను.

"ఖర్చెంతవుద్దక్కా?"

"నీకు రెండు రోజుల మేత ఖర్చు కూడా కాదురా."

పక్క చెరువుల వాళ్లు ఇద్దరు కూడా వచ్చి బొమ్మ గీసి ఇమ్మన్నారు. వాళ్లలో ఒకరి జనరేటర్ సెల్ఫ్ 24 వోల్టులది, వరసలో రెండు బ్యాటరీలు. అందులో ఒకదాని మీద నుంచే 12 వోల్టుల లైటుకి వైరు లాగారు. ఒకటి దిగి, ఇంకోటి నిండుగా ఉండి, ఛార్జింగ్‌లో రెండూ పాడవుతాయి. అది ముందు తీయించాలి. రేపు పొద్దున్నే వాళ్ల షెడ్డుకి వెళ్తాను. ఫ్యూజు హోల్డర్లు, 16 చదరపు మిల్లీమీటర్ల లగ్గులు తెనాలి నుంచి తెప్పించమని బాబాయ్‌కి ఫోన్ చేశాను.