తస్వీర్‌లో మజ్దూర్ ఎక్కడ?

జోసెఫ్ పెన్నెల్ 1912లో పనామా కాలువ తవ్వుతున్న చోటికెళ్లి గీసిన లితోగ్రాఫులు చూశాను. కోట బురుజుల్లాంటి గటూన్ లాక్ గోడలు, క్రేన్లు, పొగ. కమాల్ హునర్! ఫిలడెల్ఫియాలో పుట్టిన ఈ ముసవ్విర్‌కి కర్మాగారాలన్నా, గనులన్నా ఇష్క్. ‘పని అనే అద్భుతం’ అన్నాడు. 1916లో ఆ మాటతోనే తస్వీర్ల కితాబు వేశాడు.

పేపర్లో పనిచేసేవాణ్ని కదా, ఏ బొమ్మలోనైనా ముందు మనిషిని వెతకడం నా ఆదత్. వెతికాను. చీమలంత ఉన్నారు, చెహరాలు లేవు. కాలువ తవ్వినవాళ్లలో చాలామంది బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి వచ్చిన నల్లజాతి మజ్దూర్లు. తెల్ల అమెరికన్లకు జీతం బంగారు ఖాతాలో, వీళ్లకు వెండి ఖాతాలో. పసీనా ఆరకముందే మజూరీ ఇచ్చేయమన్న దీన్ మనది. పసీనాకు రంగు చూసి ఖరీదు కట్టడం ఎంత జుల్మ్!

అదే ఫిలడెల్ఫియాలో, 1937లో, సర్కారీ ప్రింట్ వర్క్‌షాపులో డాక్స్ థ్రాష్ అనే నల్లజాతి కళాకారుడు తోటివాళ్లతో కలిసి ఓ కొత్త తరీఖా కనిపెట్టాడు. లితో రాళ్లను అరగదీసే కార్బొరండం పొడితో రాగిరేకు మొత్తం గరుకు చేయాలి. అలాగే అచ్చేస్తే కాగితమంతా అంధేరా. గీకి నునుపు చేసిన చోటల్లా నూర్. 1941 ప్రాంతంలో ఆ అంధేరాలోంచే ఒక నల్లజాతి మజ్దూర్‌ని బయటికి తెచ్చాడు. ‘డిఫెన్స్ వర్కర్’ అని పేరు పెట్టాడు.

పెన్నెల్ హునర్‌కి సలాం. కానీ పని అద్భుతమైతే, చేసినవాడి చెహరా కూడా కనబడాలి కదా! థ్రాష్ దాన్ని కనబడనిచ్చాడు.