ఎవరి అరుగు మీద?

మా ఊళ్ళో మాట్లాడుకునే చోటంటే రామాలయం పక్కన రావిచెట్టు కింది అరుగు. అది ఊరిది, పల్లెది కాదు. మా తాత కాలంలో పల్లెవాళ్ళు చెప్పులు చేతపట్టుకుని దాని ముందు నిలబడేవాళ్ళంట. మా నాయన కాలానికి చెప్పులు కాళ్ళకే ఉన్నాయి గాని నిలబడటం తప్పలేదు. కూలి రేటు, చెరువు నీళ్ళు, ఆఖరికి పల్లెలో మొగుడూపెళ్ళాల తగువు గూడా ఆ అరుగు మీదే తేలేది. మా మాట మేం మాట్లాడుకోవాలంటే చర్చి ముందరి వేపచెట్టు కిందికి రావాల్సిందే. అక్కడ మైకు లేదు, లైటు లేదు. లెమ్మనేవాడు గూడా లేడు.

చేతిలోకి ఫోనొచ్చాక మనోళ్ళంతా మళ్ళీ పెద్దోళ్ళ అరుగు మీదికే చేరారు. ఫేస్‌బుక్కు, ట్విట్టరు, యూట్యూబు. ఈసారి కూర్చోనిచ్చారు. కూర్చోనిచ్చారు గదా అని అరుగు మనదే అనుకున్నాం.

నేను 2013 నుంచీ అట్టాంటి ఒక కంపెనీ సైటులో రాస్తూ వచ్చాను. దాని పేరెందుకులే. రాసిందంతా పల్లె ముచ్చట్లే. బడి వదిలాక సాయంత్రాలు ముసలోళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది ఫోన్లో పట్టి ఎక్కించేవాణ్ణి. వాటిల్లో మా పెద్దమ్మ గొంతొకటి. పొగాకు గ్రేడింగులో పనిచేసి నడుం పోగొట్టుకున్న మనిషి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు పడి ఆరుగుర్ని చంపారు. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాలకి పారిపోయొచ్చారు. అప్పుడు మా మాలపల్లె ఆడోళ్ళు బియ్యం పోగుచేసి వండి మోసుకుపోయారంట. "మన పొయ్యి మీద కూడు వాళ్ళూ, వాళ్ళు కడిగిన ఆకుల్లో మనమూ తినటం నేను అప్పుడే చూశాన్రా అబ్బాయ్" అని చెప్పి కాసేపు ఊరుకుంటుంది పెద్దమ్మ. ఆ ఊరుకోవటం గూడా అందులో ఉంది. ఆమె 2020లో చనిపోయింది. నా పాత ఫోను అప్పటికే పాడైపోయింది. గొంతు ఆ సైటులోనే మిగిలింది.

2022 జూలై 17న దాన్ని మళ్ళీ పైకి తెచ్చి నాలుగు మాటలు రాశాను. సాయంత్రానికల్లా కింద తిట్లు. కులం పేరు పెట్టి కొన్ని, రిజర్వేషను పంతులని కొన్ని. మర్నాడు బడికి పోయి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పి, మధ్యాన్నం అన్నాలప్పుడు ఫోను తీస్తే ఖాతా లేదు. నియమాలకు విరుద్ధమని ఇంగ్లీషులో రెండు లైన్లు. ఏ నియమమో లేదు. అర్జీ పెట్టుకున్నాను. జవాబిచ్చింది మనిషి కాదు, మిషను. మండలాఫీసులో అర్జీ ఇస్తే కనీసం బంట్రోతు మొఖమన్నా కనపడుద్ది. ఇక్కడ ఎవరి గడప ముందు నిలబడాలి? తిట్టినోళ్ళ ఖాతాలు మాత్రం అట్టాగే ఉన్నాయి. పెద్దమ్మ గొంతు పోయింది.

నా ఒక్కడి గొడవైతే ఇంత రాసేవాణ్ణి కాదు. 2018 నవంబరులో ట్విట్టరు అధిపతి జాక్ డోర్సీ మనదేశం వచ్చినప్పుడు దళిత ఉద్యమకారిణి సంఘపాలి అరుణ ఆయనకొక పోస్టరిచ్చింది. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలుకొట్టమని దాని మీద రాసుంది. ఆయన దాన్ని పట్టుకున్న ఫోటో బయటికి రాగానే గగ్గోలు లేచింది. ఆ కంపెనీలో న్యాయ వ్యవహారాల పెద్ద, హైదరాబాదులో పుట్టిన విజయ గద్దె, క్షమాపణ చెప్పుకుంది. ఎవరికి? పోస్టరు చూసి నొచ్చుకున్నవాళ్ళకి. మరుసటేడు నవంబరులో సుప్రీంకోర్టు లాయరు సంజయ్ హెగ్డే ఖాతా తీసేసిన గొడవా, జర్నలిస్టు దిలీప్ మండల్ ఖాతా మీద ఆంక్షల గొడవా ఒకేసారి వచ్చాయి. నీలం టిక్కు ఎవరికిస్తున్నారు, అందులో కులమెంత అని మనోళ్ళు నిలదీశారు. 2020 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఇంకో సంగతి బయటపెట్టింది. మతద్వేషం మాటలు రాసిన తెలంగాణ ఎమ్మెల్యే ఒకాయన మీద చర్య తీసుకుంటే వ్యాపారం దెబ్బతింటుందని ఫేస్‌బుక్ ఇండియా పెద్దావిడే అడ్డుపడిందని. గొడవయ్యాక సెప్టెంబరులో గాని ఆయన్ని తీసెయ్యలేదు.

ఇదంతా మనుషుల చెడ్డతనం అనుకుంటే పొరపాటు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన ఫేస్‌బుక్ కాగితాల్ని బట్టి, 2017 నుంచి కొంతకాలం పాటు కోపం బొమ్మతో సహా ఆ బొమ్మలన్నిటికీ లైకు కంటే అయిదు రెట్లు విలువ కట్టారు. అంటే మా మీద ఒకడికి కోపమొస్తే ఆ రాత ఇంకా పదిమందికి పోతుంది. వాళ్ళు చూస్తారు, పక్కన ప్రకటన ఉంటుంది, కంపెనీకి డబ్బు. ఊళ్ళో తిట్టినోడికి తిట్టిన సంతోషం ఒక్కటే ఉండేది.

పైగా అరుగు అమ్ముడు గూడా పోతుంది. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకి ట్విట్టర్ని కొన్నాడు, కూర్చున్నవాళ్ళతో సహా. మరుసటేడు పేరు గూడా మార్చాడు. అంతకు ముందు 2014 సెప్టెంబరు 30న గూగుల్ ఆర్కుట్‌ని మూసేసింది. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు పోయాయి. అందులో కూర్చుని ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

మా పల్లెలో ఇంజనీరింగు చదివి హైదరాబాదులో పనిచేసే కుర్రాడొకడున్నాడు, మా అన్న వరస ఆయన కొడుకు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా గోడు విని, "బాబాయ్, మన సొంతానికి పెట్టుకుందాం" అన్నాడు.

"మనం నలుగురం పెట్టుకుని మనలో మనం మాట్లాడుకోటానికి సైటెందుకురా, వేపచెట్టుంది గదా."

"అదే బాబాయ్ సంగతి. నీది ఎయిర్‌టెల్లు, నాది జియో. నువ్వు ఫోను చేస్తే నాకు రాట్లా? ఫేస్‌బుక్కోడు ట్విట్టరోడితో మాట్లాడలేడు. ఇందులో మాట్లాడొచ్చు. ఎవడి సర్వరు వాడిది, ఎవడి రూల్సు వాడివి, మాట మాత్రం అందరి మధ్యా పోద్ది."

ఆ మాట నాకు పట్టింది. తర్వాత చదివాను. దీన్ని 2016లో జర్మనీలో ఆయిగెన్ రోచ్‌కో అనే కుర్రాడు మాస్టోడాన్ పేరుతో మొదలుపెట్టాడు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడే పద్ధతికి యాక్టివిటీపబ్ అని పేరు. 2018 జనవరిలో అది అందరూ వాడదగ్గ ప్రమాణమైంది. ఒక సర్వరు నచ్చకపోతే నంబరు పోర్టు చేసుకున్నట్టు ఇంకోదానికి మారొచ్చు, మనల్ని అనుసరించేవాళ్ళు వెంటే వస్తారు. పాత రాతలు రావు. వాటి కాపీ దించుకుని దగ్గర పెట్టుకోవాలి. రాతలు వచ్చిన వరసలోనే కనపడతాయి, కోపానికి అయిదు రెట్లు లేదు. 2019 జూలైలో గ్యాబ్ అనే జాతిద్వేషుల సైటు ఇందులోకి చొరబడితే చాలా సర్వర్లు ఎవరికి వారే దానికి తలుపులేసుకున్నాయి. పైనుంచి ఆజ్ఞ ఏమీ లేదు. ఇది చదివినప్పుడు నాకు లోపల కొంచెం కలుక్కుమంది. వెలి అనే మాట మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కానీ ఊరు మమ్మల్ని వెలేస్తే నీళ్ళు బంద్, పని బంద్. ఇక్కడ గ్యాబ్ వాళ్ళ నీళ్ళు వాళ్ళకున్నాయి. మా ఇంట్లోకొచ్చి తిట్టే హక్కు ఒకటే లేదు.

కారంచేడు వాళ్ళు చేసింది గూడా ఇట్టాంటిదే అనిపిస్తుంది నాకు. ఊరు విడిచారు గాని మాట విడవలేదు. చీరాల శిబిరంలోంచి మాట్లాడితే రాష్ట్రమంతా విన్నది. దళిత మహాసభ ఆ ఏడే పుట్టింది. కంపెనీ సైటు విడిస్తే మాత్రం మాట గూడా అక్కడే వదిలి రావాలి.

2023 ఏప్రిల్లో మొదలుపెట్టాం. పంతుళ్ళు, నర్సులు, ఇద్దరు కండక్టర్లు, డిగ్రీ పిల్లలు, ఏడాది తిరిగేసరికి నూట నలభై మందిమి. సర్వరు అద్దెదే, నెలకి 1,800 రూపాయలు. ఇచ్చినోళ్ళు ఇచ్చినంత, జమాఖర్చు నెలనెలా అందరికీ కనపడేట్టు పెడతాం. సొంత చోటుకి డబ్బు తిప్పలు కొత్త కాదు. 1920లో అంబేద్కర్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటామన్నా కేసరి పత్రిక వెయ్యలేదు. కొల్హాపూరు షాహూ మహారాజు 2,500 రూపాయలిచ్చాడు గనక బయటికొచ్చింది. మూడేళ్ళకే ఆగిపోయింది గూడా.

ఇక్కడ అంతా బాగుందని చెప్పను. 2019 నవంబరులో మాస్టోడాన్‌కి గుంపులుగా పోయిన మనదేశపు జనంలో చాలామంది వెనక్కొచ్చేశారు, వినేవాళ్ళు లేరని. మా ముసలోళ్ళకి వాట్సాప్ తప్ప ఇంకోటి తెలీదు. సర్వరు నడిపేవాడు చిన్న దొర కావటానికి అడ్డేమీ లేదు. కులం తిట్లు తీసెయ్యటానికి మాలో నలుగుర్ని పెట్టుకున్నాం. మొదట్లో ముగ్గురు మాలలే. అడిగినవాళ్ళు అడిగారు, ఇద్దరూ ఇద్దరూ చేశాం.

అసలు పరీక్ష 2024 ఆగస్టు 1న వచ్చింది. ఎస్సీ వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చిన రోజు. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా మాట ముప్పై ఏళ్ళకి అక్కడ తేలింది. మధ్యాన్నానికి కంపెనీ సైట్లలో మాలా మాదిగా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే పైకులాలవాళ్ళు కింద నవ్వు బొమ్మలు పెడుతున్నారు. మా చోటా మాటలు గట్టిగానే పడ్డాయి. నేను పుట్టింది మాలపల్లెలో. మాదిగ సోదరుల వాదన న్యాయమని రాశాను. మావాళ్ళే కొందరు నాతో మాట మానేశారు. అయినా మా తీరు చాలదని, ప్రతిదానికీ మీ వీధి పెద్దల మొఖం చూడలేమని చెప్పి, పాతికమంది మాదిగ మిత్రులు సెప్టెంబరులో విడిగా సర్వరు పెట్టుకున్నారు. పోయేటప్పుడు ఒక టీచరమ్మ, "సార్, పోతున్నాం గాని పోవట్లేదు. మీ రాతలు చదువుతాం, తప్పు రాస్తే అడుగుతాం" అని రాసింది. అడుగుతూనే ఉంది గూడా. వారానికి రెండుసార్లన్నా ఆమెకి జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

పెద్దమ్మ గొంతు ఇంకా దొరకలేదు. ఎవరన్నా దించుకుని ఉంటారేమోనని రెండు చోట్లా అడిగి పెట్టాను. పోయిన నెల వాళ్ళ సర్వరు రెండ్రోజులు ఆగిపోతే మా ఇంజనీరు కుర్రాడు రాత్రి కూర్చుని సరిచేశాడు. డబ్బులిస్తామంటే వద్దన్నాడంట. తీసుకోరా, కరెంటు బిల్లన్నా వస్తుందని నేనే తిట్టాను.